మూడు ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టర్లు కాలిపోయాయి, నాలుగోది కొనాలా, వేరేది చూడాలా?

నలభైమీటర్ల_నాని
నెల రోజులుగా 7 మెగాహెర్ట్జ్‌కి చిన్న హామ్ రేడియో ట్రాన్స్‌మిటర్ కడుతున్నాను. ప్రస్తుతానికి మోర్స్ మాత్రమే, తర్వాత ఎస్ఎస్‌బీకి, అంటే మాట పంపే పద్ధతికి, మార్చాలని ఆశ. ఆసిలేటర్, బఫర్, డ్రైవర్‌గా 2ఎన్2219, ఫైనల్‌గా (యాంటెన్నాకి పవర్ పంపే చివరి ట్రాన్సిస్టర్) ఐఆర్ఎఫ్510. సప్లై 13.8 వోల్టులు. మొదటి దానితో 4 వాట్లు వచ్చాయి, మర్నాడు పోయింది. హీట్‌సింక్ పెద్దది వేశాక రెండోదీ పోయింది. మూడోదైతే కీ నొక్కకుండానే పోయింది. టీ తెచ్చుకుందామని వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి గది నిండా పొగ. మా ఆవిడ వచ్చి "ఇది అగరొత్తుల వాసన కాదే" అంది.

ఉండేది బెంగళూరు మారతహళ్లి. శనివారం ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లుండే ఎస్పీ రోడ్డుకి వెళ్తున్నాను. ఒకాయన ఐఆర్ఎఫ్540 వెయ్యి, 510 కంటే గట్టిది అన్నాడు. ఇంకొకాయన ఆర్‌డీ16హెచ్‌హెచ్ఎఫ్1 తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దన్నాడు. అసలు మీరంతా ఫైనల్‌కి ట్రాన్సిస్టర్‌ని ఏం చూసి తీసుకుంటారు?

డాడిడాడిట్
నాలుగోది కొనేటప్పుడు డజను కొను. బేరం బాగా కుదురుతుంది.

టంకంకడ్డీ
540 మాత్రం వద్దు నానీ. 100 వోల్టులు రెండింటికీ ఒకటే. ఆంపియర్లు దానికి ఎక్కువని అది గట్టిదనుకుంటున్నారు. ఆ ఆంపియర్లు ఇన్వర్టర్లకీ మోటార్లకీ పనికొస్తాయి, మనకి కాదు.

ఈ రెండూ మాస్‌ఫెట్ రకం ట్రాన్సిస్టర్లు. వాటి గేటు, అంటే డ్రెయిన్, సోర్స్ అనే మిగతా రెండు కాళ్ల మధ్య కరెంటుని నడిపించే కాలు, ఒక పాత్ర అనుకో. 7 మెగాహెర్ట్జ్‌లో ఆ పాత్రని సెకనుకి 70 లక్షల సార్లు నింపాలి, 70 లక్షల సార్లు ఒంపాలి. 510 గేటు దాదాపు 180 పికోఫారడ్లు, అంటే చెంబు. 540 గేటు 1700 పైచిలుకు, అది గంగాళం. నీ 2ఎన్2219 చేతిలో ఉన్నది టీ గ్లాసు.

లెక్క కూడా చెప్తాను. 180 పికోఫారడ్లకి 7 మెగాహెర్ట్జ్‌లో రియాక్టెన్స్ (ఏసీకి చూపే అడ్డు) 126 ఓమ్‌లు. 1700కి 13 ఓమ్‌లు. అదే 28 మెగాహెర్ట్జ్‌కి పోతే 510కి 32, 540కి 3. మూడు ఓమ్‌ల గేటుని కదిలించాలంటే దానికి ముందు ఇంకో ఫైనల్ కట్టుకోవాలి. అందుకే అదే కుటుంబంలో అన్నిటికన్నా చిన్నదాన్ని, 510ని, హామ్‌లు పట్టుకున్నారు.

పొగరాణి
టంకంకడ్డీ గారి మాట నిజమే, ఒక్క సవరణ. ఆ 180 అనేది డ్రెయిన్‌పై 25 వోల్టులు ఉన్నప్పటి అంకె. 13.8 దగ్గర అంతకన్నా ఎక్కువే ఉంటుంది, పైగా కీ నొక్కినప్పుడు డ్రెయిన్ దాదాపు సున్నాకి దిగినప్పుడల్లా బాగా పెరుగుతుంది. గేటుకీ డ్రెయిన్‌కీ మధ్య ఉన్న 15 పికోఫారడ్లని కూడా మర్చిపోకూడదు. అంకె చిన్నదే, చేసే అల్లరి పెద్దది.

నాని గారూ, మీ ప్రశ్నలో నన్ను ఆపింది మూడో ట్రాన్సిస్టర్. మొదటి రెండూ యాంటెన్నా వల్లో వేడి వల్లో పోయాయనుకోవచ్చు. కీ నొక్కకుండా, డ్రైవ్ లేకుండా ఎలా పోయింది? అది తేలేదాకా ఏ ట్రాన్సిస్టర్ పెట్టినా అదే గతి. బయాస్, అంటే గేటుకి నిలకడగా ఉంచే వోల్టేజి, ఎలా ఇచ్చారు? గేటు వైరు ఎంత పొడవు?

పాతవాల్వు
ఇవన్నీ స్విచింగ్‌కి పుట్టిన మాస్‌ఫెట్లు. వాటిని రేడియోలోకి లాక్కొచ్చి కాల్చేసి, ఎందుకు కాలిందని అడుగుతున్నారు. రేడియో కోసమే పుట్టిన బైపోలార్‌లు (మాస్‌ఫెట్ కాని పాతరకం ట్రాన్సిస్టర్లు) ఉన్నాయి. 2ఎస్‌సీ1969 ఉంది, 27 మెగాహెర్ట్జ్‌లో 16 వాట్లు ఇస్తుంది. తక్కువ చాలంటే 2ఎస్‌సీ2078. నేను 1980ల్లో ఎస్ఎల్100తో ఒక వాటు తీసి బెంగళూరు నుంచి సిలోన్ దాకా మాట్లాడాను. మా జాలహళ్లిలో భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) వాళ్లు ట్రాన్సిస్టర్లు చేసే రోజులవి. ఆ చిన్న టోపీ ట్రాన్సిస్టర్‌కి వేడి తగ్గడానికి ఇత్తడి రేకు చుట్టేవాళ్లం.

డాడిడాడిట్
బాబాయ్ గారు ఎస్ఎల్100 ఎత్తారు. ఇంకో రెండు పోస్టుల్లో 807 వాల్వు వస్తుంది చూడండి.

పాతవాల్వు
వస్తుంది. 807కి ప్లేటు ఎర్రబడితే కంటికి కనపడుతుంది, కీ వదిలేస్తే మళ్లీ చల్లబడుతుంది. మీ మాస్‌ఫెట్ పోయేముందు చెప్తుందా?

రిచీస్ట్రీట్_రవి
బాబాయ్ గారూ, మీ 2ఎస్‌సీ1969 మంచిదే, ఒరిజినల్ ఎక్కడుంది? దాని తయారీ ఎప్పుడో ఆగింది. పోయినేడు చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక కొట్లో నాలుగు తీసుకున్నాను. పేరు ముద్ర లేజరుతో తళతళలాడుతోంది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. మల్టీమీటర్‌లో గెయిన్ బాగానే చూపించింది. ట్రాన్స్‌మిటర్‌లో పెడితే 3.5 మెగాహెర్ట్జ్‌లో 7 వాట్లు, 14లో ఒకటిన్నర, 28లో పవర్ మీటరు ముల్లు కదల్లేదు. లోపల ఉన్నది ఏదో ఆడియో ట్రాన్సిస్టర్. ఒకటి పగలగొట్టి చూశాను, ఆవగింజంత చిప్పు.

అందుకే నా నియమం ఒకటే. దొంగ సరుకు చేస్తే లాభం వచ్చే ట్రాన్సిస్టర్‌ని వీధి కొట్లో కొనను. 510 ఒక మసాలా దోసె ధర. దానికి దొంగముద్ర వేసి ఎవడు బాగుపడతాడు?

టంకంకడ్డీ
వేస్తారు రవీ. ఎస్పీ రోడ్డులో దోసె ధరకి కాదు, ఇడ్లీ ధరకి 510లు దొరుకుతాయి. నాని ఎంతకి కొన్నాడో అడగండి.

నలభైమీటర్ల_నాని
ఇడ్లీ ధరకే. వడ కూడా రాదు దానికి.

పొగరాణి గారూ, బయాస్: 78ఎల్05 (5 వోల్టుల రెగ్యులేటర్) నుంచి 10 కిలో ఓమ్ పాట్ (తిప్పే రెసిస్టరు), దాని మధ్య కాలు నుంచి 1 కిలో రెసిస్టరు, అక్కడి నుంచి గేటు. నిలకడ కరెంటు 100 మిల్లీ ఆంపియర్లు పెట్టాను, ఎలాగూ ఎస్ఎస్‌బీకి మారుస్తాను కదా అని. హీట్‌సింక్ డబ్బా వెనక బిగించాను కాబట్టి ట్రాన్సిస్టర్‌కి మూడు వైర్లు లాగాను. గేటు వైరు నాలుగు అంగుళాలు ఉంటుందేమో. సోర్స్ వైరు కూడా అంతే.

టంకంకడ్డీ
అయ్యో.

గుంటూరు_జీరోబీట్
నాలుగు అంగుళాల గేటు వైరా! అది ఆంప్లిఫయర్ కాదు తమ్ముడూ, ఆసిలేటర్.

పొగరాణి
ఇద్దరు ముద్దాయిలు దొరికారు.

మొదటివాడు ఆ వైర్లు. నాలుగు అంగుళాల తీగ అంటే 100 నానోహెన్రీల దాకా ఇండక్టెన్స్. దానికి గేటు కెపాసిటెన్స్ తోడైతే వీహెచ్ఎఫ్‌లో (30 మెగాహెర్ట్జ్ పైన) చక్కటి ట్యూన్డ్ సర్క్యూట్ తయారవుతుంది. 510కి 7 మెగాహెర్ట్జ్‌లోనే కాదు, ఇంకా పైన కూడా గెయిన్ ఉంది. మీరు 100 మిల్లీ ఆంపియర్లు పెట్టి దాన్ని మేల్కొలిపారు, అది తనంతట తనే ఊగడం మొదలుపెట్టింది. మీరు టీ పెట్టుకుంటుంటే అది కీతో పనిలేకుండా కరెంటు తాగుతోంది.

రెండోవాడు ఆ పాట్. మధ్య కాలు ఒక్క క్షణం పట్టు వదిలితే గేటు గాలిలో వేలాడుతుంది. గేటులో చేరిన ఛార్జ్ పోయే దారి లేదు, ఎంత వోల్టేజి అయినా ఉండిపోవచ్చు. గేటు నుంచి గ్రౌండుకి ఒక 22 కిలో ఓమ్ రెసిస్టరు ఉంటే ఆ భయం పోతుంది, పాట్ మళ్లీ సర్దుకుంటే సరి.

ఎవరు దోషో తేల్చడం తేలిక. మిగిలిన 510 ఏదైనా ఉంటే పెట్టండి. సప్లైకి సిరీస్‌లో 12 వోల్టుల 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బు పెట్టండి. ఏం జరిగినా బల్బు వెలుగుతుంది, ట్రాన్సిస్టర్ బతుకుతుంది. డ్రైవర్ తీసేసి బయాస్ మెల్లిగా పెంచండి. కరెంటు నెమ్మదిగా పెరుగుతుందా, ఒక్కసారిగా దూకుతుందా చూడండి. పక్కన ఒక ఎఫ్ఎం రేడియో పెట్టుకోండి.

కొత్తలైసెన్సు
నాకో సందేహం. మాస్‌ఫెట్‌కి థర్మల్ రనవే (వేడికి కరెంటు, కరెంటుకి వేడి పెరుగుతూ పోవడం) ఉండదు, వేడెక్కితే దానంతట అదే కరెంటు తగ్గించుకుంటుంది అని చదివాను. మరి ఇన్ని ఎందుకు పోతున్నాయి?

పాతవాల్వు
అది అమ్మేవాళ్లు చెప్పే మాట.

పొగరాణి
సగం నిజం. పూర్తిగా ఆన్ అయి, ఆంపియర్లు పారుతున్నప్పుడు నిజమే. మనం బయాస్ పెట్టేది ఆ చోట కాదు. 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర వేడెక్కేకొద్దీ త్రెషోల్డ్ వోల్టేజి (కరెంటు మొదలయ్యే గేటు వోల్టేజి) తగ్గుతుంది, అదే గేటు వోల్టేజికి కరెంటు పెరుగుతుంది. హీట్‌సింక్ చాలకపోతే 100 కాస్తా 200 అవుతుంది, 200 కాస్తా 400. బైపోలార్‌కి డిగ్రీకి 2 మిల్లీవోల్టుల లెక్కన డయోడ్‌ని హీట్‌సింక్‌కి అంటించి సరిచేస్తారు కదా, 510కి కూడా అలాంటిదేదో చేస్తే తప్పేం లేదు.

ఇంకోటి. 510 లోపలి చిప్పు నుంచి ట్యాబ్‌కి (వెనకున్న లోహపు రేకుకి) వాటుకి 3.5 డిగ్రీలు. 8 వాట్లు వేడిగా పోతుంటే, ట్యాబ్ మీద వేలు పెడితే 60 డిగ్రీలు అనిపించినా లోపల 90 దగ్గర ఉంటుంది. మైకా వాషర్ కింద ఉన్న హీట్‌సింక్‌ని తాకి "చల్లగానే ఉంది" అనుకుంటే ఇంకా పొరపాటు.

టంకంకడ్డీ
వాషర్ మాట వచ్చింది కాబట్టి ఆర్‌డీ16 గొప్పతనం అక్కడే. 510 ట్యాబ్ డ్రెయిన్‌కి అంటుకుని ఉంటుంది. మైకా లేకుండా బిగిస్తే సప్లై షార్ట్. మైకా పెడితే డ్రెయిన్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఓ కెపాసిటర్ తయారు. ఆర్‌డీ16కి ట్యాబ్ సోర్స్. నేరుగా గ్రౌండైన హీట్‌సింక్‌కి స్క్రూ బిగించెయ్, వేడీ బాగా దిగుతుంది, సోర్స్ వైరు గొడవా ఉండదు. 12.5 వోల్టుల దగ్గర 30 మెగాహెర్ట్జ్‌లో 16 వాట్లు, డ్రైవ్ అర వాటు లోపే చాలు. రేడియో కోసం చేసిన మాస్‌ఫెట్ అది. ధర మాత్రం దోసెల్లో చెప్పలేం, బిర్యానీల్లో చెప్పాలి.

రిచీస్ట్రీట్_రవి
దొంగ ఆర్‌డీ16లు దొంగ 1969లకన్నా ఎక్కువ.

పొగరాణి
దానికి కొట్లోనే చేసే పరీక్ష ఉంది. చాలా దొంగ ఆర్‌డీ16లు మామూలు స్విచింగ్ మాస్‌ఫెట్ మీద పేరు రుద్ది కొట్టినవే. రెండింటి కాళ్ల వరుస వేరు. 510 లాంటి దానిలో గేటు, డ్రెయిన్, సోర్స్. ఆర్‌డీ16లో గేటు, సోర్స్, డ్రెయిన్. లోపలి డయోడ్ సోర్స్ నుంచి డ్రెయిన్ వైపు దారి ఇస్తుంది.

మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ మధ్య కాలికి, నల్లది మూడో కాలికి పెట్టండి. అసలైన ఆర్‌డీ16 అయితే డయోడ్ చూపిస్తుంది. తిరగేస్తేనే చూపించిందంటే అది ఐఆర్ఎఫ్ బాపతు. ఈ పరీక్ష పాసైతే అసలుదేనని కాదు, ఫెయిలైతే మాత్రం ఖాయంగా దొంగది.

నలభైమీటర్ల_నాని
ఇది బంగారం. శనివారం మల్టీమీటరు జేబులో పెట్టుకునే వెళ్తాను.

కొత్తలైసెన్సు
ఇంత గొడవెందుకు, ఎంఆర్ఎఫ్300 పెడితే ఒక్కదానితో 300 వాట్లు వస్తాయట కదా?

గుంటూరు_జీరోబీట్
వస్తాయి, 50 వోల్టుల సప్లై ఉంటే. నీ లైసెన్సు రెస్ట్రిక్టెడ్ గ్రేడా, జనరలా? రెస్ట్రిక్టెడ్ అయితే హెచ్ఎఫ్‌లో (30 మెగాహెర్ట్జ్ లోపు) 50 వాట్లే నీ హద్దు. ముందు 5 వాట్లతో నాలుగు ఊళ్లు పలకరించు తమ్ముడూ. పైగా మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆ డైపోల్ యాంటెన్నా నీళ్ల ట్యాంకుకి ఆనుకుని ఉంది. ఆ ఎస్‌డబ్ల్యూఆర్‌తో (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే కొలత) 300 వాట్లా?

కొత్తలైసెన్సు
మా అసోసియేషన్ సెక్రటరీకి అది బట్టలారేసుకునే తీగ అని చెప్పాను. ఎక్కువ పవర్ పెడితే దొరికిపోతాను, నిజమే.

డాడిడాడిట్
ఎవరైనా దాని మీద తడి చీర ఆరేస్తే ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతొస్తుందో కొలిచి చెప్పు.

టంకంకడ్డీ
వోల్టేజి సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్రాన్సిస్టర్ ఎంచుకునే ముందు చెయ్యాల్సిన లెక్క ఇది: సప్లై వోల్టేజిని వర్గం చేసి, కావలసిన వాట్లకి రెట్టింపుతో భాగించు. అదే డ్రెయిన్ చూడాల్సిన లోడు. 13.8 వోల్టులు, 5 వాట్లు అంటే 19 ఓమ్‌లు. 10 వాట్లంటే 9.5. 50 వాట్లంటే 2 ఓమ్‌ల లోపు, అక్కడ ప్రతి మిల్లీమీటర్ తీగా లెక్కలోకి వస్తుంది. అదే 510కి 28 వోల్టులిచ్చి 10 వాట్లు అడిగితే 39 ఓమ్‌లు, దాదాపు మన 50 పక్కనే. వోల్టేజి పెరిగితే లోపలి కెపాసిటెన్స్‌లు కూడా తగ్గుతాయి. 510 మీద 12 వోల్టులతో ఏడ్చేవాళ్లలో సగం మంది 24 ఇస్తే నవ్వుతారు. 100 వోల్టుల దాకా తట్టుకుంటుంది, యాంటెన్నా ఊడినా వెంటనే చావదు. బాబాయ్ గారి 1969కి కలెక్టర్ ఎమిటర్ మధ్య హద్దు 25 వోల్టులే.

పాతవాల్వు
కాబట్టి యాంటెన్నా ఊడకుండా చూసుకునేవాళ్లం. అది కూడా పనితనమే.

గుంటూరు_జీరోబీట్
మోర్స్ ఒక్కటే చాలనుకుంటే ఇంకో దారి ఉంది నానీ. బీఎస్170 మూడు పక్కపక్కన పెట్టి క్లాస్ ఈ. క్యూఆర్‌పీ ల్యాబ్స్ వాళ్ల క్యూసీఎక్స్ కిట్‌లో అదే. వేలి గోరంత ట్రాన్సిస్టర్లు, హీట్‌సింక్ లేదు, సప్లైని బట్టి 3 నుంచి 5 వాట్లు. స్విచ్ లాగా పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ కాబట్టి వేడి తక్కువ. జాగ్రత్త ఒకటే: క్లాస్ ఈలో డ్రెయిన్ శిఖరం సప్లైకి మూడున్నర రెట్లు. 12కి 43 వోల్టులు, బీఎస్170 హద్దు 60. 16, 17 వోల్టుల సప్లై తగిలిస్తే అంచు మీద నడిచినట్టే. ఎస్ఎస్‌బీకి మాత్రం ఆ ఏర్పాటు నేరుగా పనికిరాదు.

పొగరాణి
అసలు మోర్స్ వరకే అయితే నాని గారికి 100 మిల్లీ ఆంపియర్ల బయాసే అక్కర్లేదు. కరెంటు మొదలయ్యే చోటికి కొంచెం కింద ఆపితే చాలు. రేపటి ఎస్ఎస్‌బీ కోసం ఇవాళ ట్రాన్సిస్టర్‌ని వేయించుకున్నారు.

నలభైమీటర్ల_నాని
ఫలితాలు. ఇంకో 510 ఉంది, పాత లాట్‌దే. బల్బు పెట్టి, డ్రైవర్ ఊడదీసి, పక్కన ఎఫ్ఎం రేడియోలో శాస్త్రీయ సంగీతం వేసే అమృతవర్షిణి స్టేషన్ పెట్టాను, ఎవరిదో వీణ వస్తోంది. పాట్ తిప్పుతున్నాను, 10, 20, 30 మిల్లీ ఆంపియర్లు. 35 దగ్గర ఒక్కసారిగా బల్బు భగ్గుమంది, వీణ పోయి బుస్సుమని శబ్దం. చెయ్యి గేటు వైరు దగ్గరికి తెస్తే బల్బు వెలుగు మారుతోంది. చెయ్యి తీస్తే మళ్లీ మొదటికి. పొగరాణి గారూ, మొదటి ముద్దాయే. ట్రాన్సిస్టర్ బతికే ఉంది.

గుంటూరు_జీరోబీట్
చెప్పానా, ఆసిలేటర్ అని.

డాడిడాడిట్
వీణ కచేరీకి తంబూరా వేసిన మొదటి ఐఆర్ఎఫ్510.

పొగరాణి
హీట్‌సింక్‌ని బోర్డు దగ్గరికి తీసుకురండి, ట్రాన్సిస్టర్‌ని వైరుతో హీట్‌సింక్ దగ్గరికి పంపకండి. సోర్స్ కాలు వీలైనంత పొట్టిగా, రాగి బోర్డు మీదే టంకం. గేటు కాలికి ఒక ఫెర్రైట్ పూస, దాని వెనక 10 ఓమ్‌లు. 22 కిలో కూడా మర్చిపోవద్దు. రెండో ముద్దాయికి బెయిల్ మాత్రమే ఇచ్చాం.

టంకంకడ్డీ
పుష్‌పుల్‌కి (రెండు ట్రాన్సిస్టర్ల జతకి) పోయినప్పుడు ఒక్క పాట్‌తో రెండిటికీ బయాస్ ఇవ్వకు. 510 త్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, ఒకే పొట్లంలోవి రెండూ ఒకలా ఉండవు. హైదరాబాద్ ఫర్హాన్ గారు రూపొందించిన హామ్ సెట్టు మైక్రోబిట్‌ఎక్స్‌లో ఉన్నది 510ల జతే. ఆయన వీధి చివర దొరికే వాటితో కట్టారు, అందుకే అన్ని దేశాల్లో కట్టగలిగారు.

నలభైమీటర్ల_నాని
శనివారం సంగతి. ఎస్పీ రోడ్డులో మూడు కొట్లు తిరిగాను. రెండో కొట్లో "ఆర్‌డీ16" చూపించారు. మల్టీమీటరు తీస్తే ఆయన ముఖం మారింది. ఎర్రది మధ్యలో, నల్లది మూడో కాలికి: ఏమీ లేదు. తిరగేశాను: 0.5 వోల్టులు. "ఇది ఐఆర్ఎఫ్ బాపతు కదండీ" అంటే "వాళ్లు ఇచ్చిందే మేం అమ్ముతాం సార్" అని డ్రాయరు మూసేశాడు. మూడో కొట్లో 510లు దోసె ధరకి ఐదు తీసుకున్నాను.

నిన్న రాత్రి కొత్త బోర్డు. రాగి బోర్డు మీద సోర్స్ నేరుగా, గేటు కాలు అర అంగుళం, పూస, 10 ఓమ్‌లు, 22 కిలో. బయాస్ 100 మిల్లీ ఆంపియర్ల దాకా మెల్లిగా ఎక్కింది, వీణకి ఏమీ కాలేదు. లో పాస్ ఫిల్టర్ తగిలించి డమ్మీ లోడు (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టరు) మీద 5 వాట్లు, పావుగంట కీ నొక్కుతూ వదులుతూ ఉన్నా నిలబడింది. 14 మెగాహెర్ట్జ్ ఫిల్టర్ పెట్టి చూస్తే మాత్రం 2 వాట్లే.

టంకంకడ్డీ
అది ఫైనల్ తప్పు కాదు, చెంబు నింపే గ్లాసు చిన్నది. డ్రైవర్ మార్చు. 2ఎన్3866 కానీ, మంచి కంపెనీ బీడీ139 కానీ. బీడీ139 కంపెనీని బట్టి మారుతుంది, ఒక్కోటి 14 దగ్గరే ఆయాసపడుతుంది.

రిచీస్ట్రీట్_రవి
ఆ డ్రాయరు మూసేసిన కొట్టు ఏదో ప్రైవేటుగా చెప్పు.

పాతవాల్వు
నానీ, నా డబ్బాలో ఒరిజినల్ 1969లు రెండున్నాయి, 1990లో కొన్నవి. ఆదివారం జాలహళ్లి వైపు వస్తే ఒకటి ఇస్తాను, నీ 14 మెగాహెర్ట్జ్‌లో పెట్టి చూద్దాం. ఆ డయోడ్ పరీక్ష నా ట్రాన్సిస్టర్ మీద చెయ్యకు, కోపమొస్తుంది.

నలభైమీటర్ల_నాని
తప్పకుండా వస్తాను బాబాయ్ గారూ. ఇండికేటర్ బల్బు మాత్రం తెచ్చుకుంటాను.